సొరనూనె పట్టిన బండి

పోయినేడు వేసవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం మొదలై, మా అల్లూరు వైపు తీరంలో పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కిన రోజులు. నాది టింకరింగ్ పని. అంటే ఇంజను తప్ప బండి ఒళ్లంతా నా చేతికి వస్తుంది. తుప్పుపట్టిన రేకు కోయడం, కొత్త రేకు అతకడం, సొట్టలు తీయడం. సముద్రం పక్కన ఈ పనికి కొదవ ఉండదు. ఉప్పుగాలే మనకు అన్నం పెడుతోందని మా ఆవిడ వెక్కిరిస్తుంటుంది.

ఆ వేసవిలో ధనమ్మ నన్ను వాళ్ల ఊరికి పిలిపించింది. ఆమెది చేపల వ్యాపారం. రేవులో చేపలు కొని, ఐసు వేసి, తన పాత పికప్‌ను తానే నడుపుకుంటూ కావలి మార్కెట్‌కు తీసుకుపోతుంది. ఆ బండికి ఎఫ్‌సీ గడువు అయిపోయింది. ఎఫ్‌సీ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రవాణా ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్. వేట మళ్లీ మొదలయ్యేలోపు అది రాకపోతే మార్కెట్‌లో ఆమె చోట్లోకి ఇంకొకరు వచ్చేస్తారు. షెడ్డులో పెట్టి చేయించే స్తోమత లేదు కాబట్టి, ఇంటి ముందు తాటాకు పందిరి కిందే పని కావాలంది.

బండిని చూడగానే నాకు నీరసం వచ్చింది. తలుపుల అడుగున రేకు అప్పడంలా విరిగిపోతోంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు కారిన బండి అది. పైన ఇలా ఉంటే కింద ఛాసిస్ ఇంకెలా ఉంటుంది? ఛాసిస్ అంటే బండి మొత్తాన్ని మోసే పొడవాటి ఇనప దూలాలు. తలుపు పోతే మార్చుకోవచ్చు. ఛాసిస్ పోతే బండి పోయినట్టే.

"ధనమ్మా, దీన్ని పాత ఇనుము కింద తూకానికి వేసేది మేలు" అన్నాను.

"కింద చూడకుండానే చెప్తుండావే మస్తానన్నా. చూసి చెప్పు, అప్పుడు వేసేస్తా" అంది. మాట గట్టిగానే ఉంది కానీ ఆమె చెయ్యి మాత్రం బానెట్ మీదనుంచి కదల్లేదు.

జాకీలు పెట్టి లేపి, కిందికి దూరాను. దూలాల నిండా నల్లగా అట్టకట్టిన జిడ్డు, గుప్పుమని నీచు వాసన. సుత్తితో కొట్టి చూడటం మా పద్ధతి. తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, ఒక్కోసారి సుత్తే లోపలికి దిగిపోతుంది. కొట్టాను. ఖంగుమంది. ఇంకోచోట కొట్టినా ఖంగుమంది. నమ్మబుద్ధి కాక వైర్ బ్రష్‌తో అట్టను గీకాను. కంపెనీ వేసిన నల్లరంగు నిగనిగలాడుతూ బయటపడింది. దూలం మీద కంపెనీ గుద్దిన, ఉప్పుగాలి ముందుగా మింగేసే ఛాసిస్ నంబరు వేలికి అంకె అంకె తగులుతోంది. కొత్త బండ్ల ఛాసిస్‌లే పొరలు పొరలుగా ఊడటం చూసినవాణ్ణి. వెల్లకిలా పడుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. అది నాకు మహిమలాగే అనిపించింది.

"దీనికేం పూసినారు?" బయటికి వచ్చి అడిగాను.

ధనమ్మ నాన్న పోలయ్య గుమ్మం దగ్గర వల అల్లుతున్నాడు. "సొరనూనె" అన్నాడు తలెత్తకుండా. సొరచేప కాలేయం కాచి తీసే నూనె అది. చెక్కపడవలకు ఏటా పూసేవాళ్లు. "ఫైబర్ పడవలొచ్చినాక పూసేదానికి చెక్క లేకపోయె. చెయ్యి ఊరుకోదు గదా అబ్బయ్యా. నిషేధం వచ్చినప్పుడల్లా బండి కిందికి దూరి పూస్తా ఉండా."

"మరి తలుపులెందుకు అట్టా అయినాయి?"

"వాటికి ఇంకా బాగా చేసినానే. అడుగున కన్నాలుంటే పత్తిదారం కుక్కి తారు పోసినా."

అప్పుడు అర్థమైంది. తలుపు అడుగు కన్నాలను డ్రెయిన్ హోల్స్ అంటాం. అద్దం సందులోంచి దిగిన వాననీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. జీవితమంతా పడవ మీద గడిపినవాడికి కన్నం అంటే చావే కదా. ఆయన ఎంతో శ్రద్ధగా వాటిని మూసేశాడు, నీళ్లు లోపలే నిలిచి రేకును తినేశాయి. బండిని కాపాడిందీ, కుళ్లబెట్టిందీ ఒకే చెయ్యి. నాకు నవ్వొచ్చింది, ఆ చేతికి దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

ఛాసిస్ గట్టిదని తేలాక పని పరుగెత్తింది. గీకడం, ఎమరీ పేపర్ రుద్దడం ధనమ్మే చేసింది. వెల్డింగ్ నేను చేశాను. తలుపులు నెల్లూరులో పాతబండ్లు విప్పే కొట్లో దొరికాయి, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. పడవకు వేయగా మిగిలిన నీలం రంగు రెండింటికీ పట్టించాం.

ఆ తలుపుల అడుగున కన్నాలు చూసి పోలయ్యకు దిగులు పట్టుకుంది. "వీటినిట్టనే వదిలేస్తావా?" అన్నాడు. బిందెడు నీళ్లు తెప్పించి అద్దం సందులో పోశాను. నీళ్లన్నీ కన్నాల్లోంచి సన్నటి ధారలుగా కారిపోయాయి. ఆయన గొంతుక్కూర్చుని ధార కింద అరచెయ్యి పెట్టాడు. "కన్నం ఉంటేనే నిలబడేదా ఇది" అని తనలో తాను అనుకున్నాడు. ఛాసిస్ కింద నా మొహం ఎలా ఉండిందో ఆయన మొహం చూస్తే తెలిసింది.

ఎఫ్‌సీ పరీక్షలో ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే ప్రతి అంకె తేటగా లేచింది. "ఇది సముద్రం పక్క బండేనా?" అన్నాడు. "మా నాయన బండి సార్" అంది ధనమ్మ. వేట మొదలైన రోజు తొలి చేపలతో ఆ నీలం తలుపుల బండి కావలి వెళ్లింది.

ఇప్పుడు పాత బండి ఏదొచ్చినా నేను ముందు సుత్తి తీయను. దీన్ని ఇన్నాళ్లూ ఎవరు చూసుకున్నారు, ఎలా చూసుకున్నారు అని అడుగుతాను. తూకానికి వేయమని చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.

ఈ ఏడు నిషేధంలో అటువైపు పనిపడి వెళ్లాను. పోలయ్య బండి తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో నూనెగుడ్డ, ఇంకో చేతిలో వేపపుల్ల. తలుపు అడుగున నూనె రాస్తూ, కన్నం వచ్చినచోట ఆగి, మూసుకుపోకుండా పుల్లతో మెల్లగా తెరుస్తున్నాడు. నన్ను చూసి, "నీ కన్నాలు భద్రంగా ఉండాయిలే అబ్బయ్యా" అన్నాడు.