నంబరు కొట్టిన నాణేలు

ఆ రోజుల్లో నన్ను మోసం చేయగలవాడు ఇంకా పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. (ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, ఉప్పల్‌కు మెట్రో వచ్చి ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది. కాకపోతే అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, నెత్తి నిండా జుట్టు, అందుకని చాలా కాలమైనట్టు అనిపిస్తుంది.) కూరగాయల బండి దగ్గర తక్కెడ ముల్లు వంగి చూసేవాణ్ణి. ఆటో ఎక్కేముందు ఒకసారి, సగం దారిలో ఒకసారి చార్జీ ఖరారు చేసుకునేవాణ్ణి. పెట్రోలు బంకులో సున్నా కళ్ళారా చూస్తే తప్ప పైపు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మోసపోవడం అమాయకులకు వచ్చే జబ్బనీ, నాకు దానికి ఎప్పుడో టీకా పడిందనీ అనుకునేవాణ్ణి. ఆ తెలివే చివరికి మా బాపు చెవులకు ఎసరు పెట్టింది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు వారం రోజులు ముద్ద దిగలేదు.

బాపు రైల్వేలో టికెట్లిచ్చే గుమాస్తా. మల్కాజిగిరిలోనూ, ఆ చుట్టుపక్కల చిన్న స్టేషన్లలోనూ ముప్పై ఏళ్ళు కిటికీ వెనకాలే కూర్చున్నాడు. ప్రయాణికులు ఇచ్చే చిల్లరలో వింత నాణెం ఏదైనా కనిపిస్తే, అంటే అచ్చు పక్కకు జరిగి సింహాల బొమ్మ సగమే పడిన రూపాయో, రెండువైపులా ఒకే బొమ్మ ఉన్న అర్ధరూపాయో, తన జేబులోంచి అంతే డబ్బు గల్లాపెట్టెలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. అలా ముప్పై ఏళ్ళలో ఇరవై ఆరు పోగయ్యాయి. ఏ నాణెం ఏ బండి వేళకు వచ్చిందో, ఇచ్చిన మనిషి ఏ ఊరికి టికెట్ అడిగాడో అన్నీ చెప్పేవాడు. (నా పదో తరగతి మార్కులు మాత్రం ఆయనకు గుర్తులేవు.) ఒక్కోదాన్ని కాగితంలో పొట్లం కట్టి, పాత పౌడరు డబ్బాలో పత్తి పరిచి దాచాడు. ఎవరికైనా చూపిస్తే అంచు పట్టుకొని చూడమనేవాడు, బొమ్మ మీద వేలు పడనిచ్చేవాడు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

రిటైరైన నాలుగేళ్ళకు ఆయన చెవులు మందగించాయి. మొదట్లో మాకు తమాషాగానే ఉండేది. అమ్మ ఉప్పు తెమ్మంటే బజారుకు పోయి కొబ్బరికాయ తెచ్చేవాడు. కానీ రానురాను ఫోను ఎత్తడం మానేశాడు, సాయంత్రం తోటి రైల్వేవాళ్ళతో కూర్చునే చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. అక్కడ మాట వినబడకపోయినా అందరూ నవ్వితే తనూ నవ్వేవాడట. ఒకరోజు ఎవరో నవ్వుతూనే మొదలుపెట్టి తమ్ముడు పోయిన సంగతి చెబితే, ఈయన ఒక్కడే చివరిదాకా నవ్వుతూ ఉండిపోయాడట. ఆ తర్వాత ఇల్లు కదల్లేదు. డాక్టరు రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నాడు, ఒక్కోటి పాతికవేలు. నాచారం పారిశ్రామికవాడలో నాకొచ్చే జీతం పద్నాలుగు వేలు. బాపు రెండు రోజులు ఆలోచించి, డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వే అమ్ముకరా బిడ్డా. నాకు బేరం ఇనవడది" అన్నాడు.

ఇక నా తెలివికి పని పడింది. రాత్రీ పగలూ ఫోనులో వీడియోలు చూసి, నాణేల వ్యాపారులు ఎన్ని రకాలుగా ముంచుతారో బట్టీ పట్టాను. ఎవడో ఫోను చేసి, మీ సగం బొమ్మ రూపాయికి మూడు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ కింద రెండు వేలు పంపండి అన్నాడు. వాణ్ణి అరగంట ఆడించి, ఆ రెండు వేలూ నా మూడు లక్షల్లోంచి పట్టుకొని మిగతావి పంపమన్నాను. వాడే విసిగి ఫోను పెట్టేశాడు. ఆ విజయం నన్ను పూర్తిగా చెడగొట్టింది. ప్రపంచంలో నాణేలు కొనే ప్రతివాడూ దొంగేననీ, వాళ్ళ మొగుణ్ణి నేనేననీ తేల్చేసుకున్నాను.

నాచారంలో ఒక జిరాక్స్ షాపు పైన చిన్న గదిలో పాత నాణేలు కొనే పెద్దాయన ఉండేవాడు. అందరూ భూతద్దం సేఠ్ అనేవారు. ఆయన గంటసేపు ఇరవై ఆరూ తిప్పి తిప్పి చూశాడు. అన్నీ కలిపి అరవై వేల దాకా వస్తాయన్నాడు. రెండు చెవులు పోను పదివేలు మిగులు! కాకపోతే ఒక షరతు. వీటిలో కొన్ని తనకంటే తెలిసినవాళ్ళకు చూపించాలి, కాబట్టి నాణేలు నాలుగు రోజులు తన దగ్గర ఉంచాలి. చూపించాక మొత్తం ఒకేసారి ఖాతాలో వేస్తాడు. రసీదు రాసిస్తాడు.

"నమ్మకముంటెనే ఇడిశిపో బేటా. లేకుంటె తీస్కపో, నాకేం కోపం లేదు" అన్నాడు.

నాలుగు రోజులు! వీడియోల్లో చెప్పింది అచ్చంగా ఇదే. మంచివి అట్టిపెట్టుకొని, వాటి స్థానంలో వేరేవి పెట్టి, ఇవి పనికిరావని తిరిగిచ్చేస్తారు. రేపు తెస్తానని చెప్పి డబ్బాతో బయటపడ్డాను. సేఠ్‌ని నమ్మకుండానే నాణేలు ఆయన దగ్గర వదలడం ఎలా అని రాత్రంతా ఆలోచిస్తే తెల్లవారేసరికి ఉపాయం తట్టింది.

మాది పంపుల విడిభాగాలు చేసే కంపెనీ. మా దగ్గర ఒక కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. ఏ సామానైనా పూత వేయించడానికి బయటి షాపుకు పంపాలంటే, ముందు దానిమీద ఉక్కు పంచ్ పెట్టి సుత్తితో నంబరు కొట్టాలి, చలాను రాయాలి. తిరిగి వచ్చినప్పుడు నంబరు సరిచూసుకోవాలి. ఇక మార్చేసే ప్రశ్నే లేదు. ఆ నంబర్లు కొట్టే పని నాదే, అందులో నాకు మంచి పేరుంది. మధ్యాహ్నం భోజనం మానేసి, అన్నిటికంటే సన్నని పంచ్‌ల సెట్టు తీసి, నాణేలను ఇనుప దిమ్మె మీద వరుసగా పేర్చి మొదలుపెట్టాను. విలువైనవి ముందు. ఒకటి, రెండు, మూడు... ఒక్కో దెబ్బా ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా పడిందో! ఇరవై రెండు పూర్తయ్యేసరికి సైరన్ మోగింది. మిగిలిన నాలుగూ పెద్ద ఖరీదైనవి కావులే అని అలాగే పొట్లం కట్టేశాను. సాయంత్రం సేఠ్ దగ్గర చలాను మీద సంతకం కూడా పెట్టించుకున్నాను. ఆయన పొట్లాలు లెక్కపెట్టుకున్నాడు గానీ విప్పి చూడలేదు. ముందురోజు చూసినవే కదా, నన్ను నమ్మాడు.

మూడో రోజు ఫోను వచ్చింది, జర వచ్చిపొమ్మని. వస్తుందని నాకు తెలుసు. బేరం దించే నాటకం మొదలైందనుకుంటూ, పోలీసు కంప్లయింటు దాకా మాటలన్నీ దారిలో వల్లించుకుంటూ పోయాను. సేఠ్ భూతద్దం నా చేతికిచ్చి, సగం బొమ్మ రూపాయి ముందుకు జరిపాడు.

"ఇదేంది బేటా?"

"ఒకటో నంబరు" అన్నాను గర్వంగా. "నేనే కొట్టిన. మీరు మార్చకుంట."

ఆయన కోప్పడలేదు. ఒక్కో పొట్లం విప్పి, ఇరవై రెండింటినీ బల్ల మీద వరుసగా పెట్టాడు. నాణేలు సేకరించేవాళ్ళు సన్నని గీత పడితేనే సగం ధర కూడా ఇవ్వరట. వేలి చెమట మరక కూడా పనికిరాదట. సుత్తి దెబ్బ తిన్నదాన్ని ముట్టుకోనే ముట్టుకోరట. బాపు బొమ్మ మీద వేలు ఎందుకు పెట్టనిచ్చేవాడు కాదో నాకప్పుడు తెలిసింది.

"మరి ఇప్పుడు ఎంతొస్తయి?" అని అడిగాను.

"మీద ఎంత రాసుంటె గంతనే. ముప్పై ఒక్క రూపాయలు" అన్నాడు సేఠ్. తర్వాత మెల్లగా అన్నాడు, "సంతకం జేసిన గద బేటా. అడిగితె నా ఆధార్ కార్డు గూడ ఇస్తుంటి."

దెబ్బ పడని నాలుగింటికీ తొమ్మిది వేలిస్తానన్నాడు. అవి నా చేతిలో పెట్టి, ముందు డబ్బు పంపుతాననీ, ఖాతాలో పడ్డాకే నాణేలు ఇవ్వమనీ అన్నాడు. ఆ గదిలో సిగ్నల్ లేదు. బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా నేను నాలుగు నాణేలు గుప్పిట్లో పట్టుకొని మెట్ల మీద నిలబడ్డాను, ఆయన తలుపు దగ్గర కాచుకొని నిలబడ్డాడు. భూమి చీలితే దూకేవాణ్ణే.

ఇంటికి వచ్చి బాపు ముందు కూర్చొని, నాణేలు పాడు చేశానని నెమ్మదిగా చెప్పాను. ఏంది అన్నాడు. కాస్త గట్టిగా చెప్పాను. మళ్ళీ ఏంది అన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పుకోవాల్సిన మాటను హాలు మధ్యలో నిలబడి గావుకేకలు పెట్టి చెప్పాల్సిన గతి పగవాడికి కూడా వద్దు. మూడోసారికి అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నాలుగోసారికి ఎదురింటి ఆంటీ బాల్కనీలోకి వచ్చింది. అయిదోసారికి గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి పైకి చూశాడు. నేను కొడుకునై పుట్టి తండ్రి ముప్పై ఏళ్ళ సొత్తును మధ్యాహ్నం భోజనం వేళలో సుత్తితో కొట్టేశానని అపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలిశాక, బాపు చెయ్యి చాపాడు. నేను వెనక్కి తెచ్చిన నంబర్ల నాణేలు ఒక్కొక్కటే కిటికీ వెలుతురులో, అప్పుడు కూడా అంచే పట్టుకొని, చూశాడు.

"అన్నీ ఒక్క తీరుగ కొట్టినవ్" అని గదిలోకి పోయి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా ఏడ్చాను.

ఆ తొమ్మిది వేలకు జీతం మీద అడ్వాన్సు కలిపి ఒక మిషన్ కొన్నాం. కుడి చెవికి. ఆయన మళ్ళీ చాయ్ హోటల్‌కు పోతున్నాడు, అందరినీ కుడివైపు కూర్చోబెట్టుకుంటాడు. తర్వాత నాకు కాస్త మంచి ఉద్యోగం వచ్చి, ఎడమ చెవికి కూడా కొందామంటే వద్దన్నాడు. మీ అమ్మ అటు పక్కన పడుకుంటది, ఆ చెవిని గట్లనే ఉండనియ్యి అన్నాడు.

మొన్నొక ఆదివారం ఇద్దరం ఖాళీగా కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నేను ఎన్నోసారి చెప్పినప్పుడు వినబడిందని.

"మొదటిసారే సమజైంది. నీ మొకం సూస్తె తెల్వదా" అన్నాడు బాపు. "మళ్ళ అడిగితె ఇంకేమన్న చెప్తవేమో అని అడిగిన."

నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. హాలు మధ్యలో మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్న ఆ ఇరవై నాలుగేళ్ళ తెలివిగలవాడికి, అయిదుసార్లు అవకాశమిచ్చినా ఒక్క అబద్ధం తట్టలేదు. వాడి మొత్తం తెలివిలో నాకు ఇప్పటికీ నచ్చేది అదొక్కటే.