పుస్తకాల బీరువా, మా డ్రిల్లు మేడం

మా డ్రిల్లు మేడం పోయిన వారం భూపాలపల్లిలో చనిపోయారు. నాకు ఆ కబురు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. లింగాల ఘనపూర్ వైపు నేను పనిచేసే బడిలో ఏడో తరగతికి పాఠం చెబుతుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. నాలుగు రోజులు జొరమొచ్చింది, గంతే. దహనం గూడ అయిపోయింది. అమ్మ ఫోన్ల ఉన్నోళ్లందరికి ఒక్కొక్కలకు చెప్తున్న" అంది.

ఆ రోజు నుంచి నేను కుదురుగా ఒక చోట ఉండలేకపోతున్నాను. పోయిన నెల మేడం ఫోన్ చేసినప్పుడు మీటింగులో ఉన్నాను, మళ్లీ చేస్తానని పెట్టేశాను. చేయలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి మూడుసార్లు కూర్చొని మూడుసార్లు లేచాను. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప ఇది తగ్గదనిపించి మీకు చెబుతున్నాను.

మాది నర్మెట్ట వైపు ఒక తండా. ఇంట్లో మా లంబాడీ భాష, బడిలో తెలుగు. మేడంది మానుకోట. మా హైస్కూలుకు ఆటలు నేర్పడానికి వచ్చారు. బడిలో లైబ్రరీకంటూ గది లేదు. ఉన్న రెండు బీరువాలను ఆటల గదిలో, వాలీబాల్ నెట్ల పక్కన పెట్టించి, వాటి బాధ్యత కూడా హెడ్మాస్టరు ఆమెకే అప్పగించారు. "నాకు పుస్తకం పడితె నిద్రొస్తది సార్" అని మేడం మా ముందే అనేశారు. కానీ ఒక వానాకాలం, గ్రౌండంతా బురదై, అరవై మందిమి ఆ గదిలో ఇరుక్కున్నప్పుడు, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పుస్తకం అడిగింది. ఏది ఇవ్వాలో మేడంకు తెలియలేదు. ఆమె ముఖం చిన్నబోవడం నేను చూశాను. మరునాటి నుంచి రోజూ నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకొని బస్సులో చదువుతూ పోయేవారు.

ఏ పుస్తకమూ చివరిదాకా చదివేవారు కాదు. సగంలో ఆపి మాలో ఎవరికో ఇచ్చి, "ఆఖర్ల ఏమైతదో చదివి నాకు చెప్పు" అనేవారు. అది నిజంగా ఓపిక లేకనో, మాతో చదివించడానికో నాకు ఇప్పటికీ తెలియదు. ఖోఖో ఆడుతుంటే పక్కన నిలబడి మమ్మల్ని గమనించేవారు. ఆట అయ్యాక, "నువ్వు ఒక్కదానివే ఉరుకుతవ్ పిల్లా, గిది నీకు నచ్చుతది" అంటూ ఏ యాత్రల పుస్తకమో చేతిలో పెట్టేవారు. పుస్తకం పేరు గుర్తురాక నీళ్లు నమిలే వాళ్లతో, "పేరు యాదికి లేకుంటె రంగు చెప్పు. రంగు యాదికి లేకుంటె అండ్ల ఏమున్నదో చెప్పు. అదీ తెల్వకుంటె నీకేం గావాల్నో చెప్పు, ఇద్దరం దేవులాడుదాం" అనేవారు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా యాడికి, అంటే అమ్మకు, పత్తి చేనులో పనిచేస్తుంటే ఆయాసం మొదలైంది. వరంగల్ దవాఖానలో చూపిస్తే గుండె వాల్వు పాడైందనీ, హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలనీ చెప్పారు. "వాల్వంటే ఏంది? మోటరుకుంటది, గుండెకెందుకుంటది?" అని మా భాషలో అమ్మ నన్నే అడిగింది. నాకూ తెలియదు. తెలియని దానికోసం ఛాతీ కోయించుకోనని ఆమె మొండికేసింది.

మరునాడు మేడంను గుండె గురించిన పుస్తకం అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆమె రెండు పీరియడ్లు ఆ రెండు బీరువాలూ తిరగేసి, అడుగున ఉన్న పెద్ద బొమ్మల పుస్తకం తీశారు. అది ఒక్కటే కాపీ. "ఇది ఇంటికి ఇయ్యరాదు, ఈడనే కూసోని చదువు" అన్నారు. నేను కూర్చున్నాను. ఆమె గ్రౌండులోకి వెళ్లగానే గుండె బొమ్మ ఉన్న పేజీ చింపి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం గుడిసె ముందు వెలుతురులో అమ్మకు బొమ్మ చూపించి చదివి వినిపించాను. అమ్మ దాని మీద వేలు పెట్టి, "అంటే తలుపు సరిగ్గ మూసుకుంటలేదు, గంతేనా?" అంది. చాలాసేపు చూసి, "పోదాం తీ" అంది.

ఆ నెలలోనే ఒక అధికారి తనిఖీకి వచ్చి, చిరిగిన పుస్తకం పట్టుకొని మేడంను అందరి ముందు నిలదీశారు. బీరువాలకు తాళం పడింది. తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులోకి పోయింది. ఎవరు చింపారని మేడం అడిగితే ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ రోజు ఆమె ఈల ఊదలేదు, గ్రౌండు అంచున రాయి మీద కూర్చుండిపోయారు.

వారం రోజులు మేడం కంట పడకుండా తిరిగాను. ఎనిమిదో రోజు వెళ్లి, అమ్మ జబ్బుతో సహా అంతా చెప్పేశాను. మేడం కొట్టలేదు. ముందు, "అమ్మకు ఇప్పుడెట్లున్నది?" అన్నారు. ఆపరేషన్ అయిందనీ, మెల్లగా నడుస్తోందనీ చెప్పాను. తర్వాత, "జర నాకొక్కటి చెప్పు బిడ్డా. అమ్మ సంగతి చెప్పి నువ్వడుగుతె నేను ఇయ్యనని ఎందుకనుకున్నవ్? నేనట్ల గనవడ్తున్ననా?" అన్నారు. ఆ ప్రశ్న ఆమెను ఎంత బాధ పెట్టిందో, నేనే టీచరునయ్యాక అర్థమైంది.

అయినా నన్ను ఊరికే వదల్లేదు. చింపిన పేజీ అమ్మ చేతిలో నలిగిపోయింది కాబట్టి, తెల్లకాగితం మీద ఆ గుండె బొమ్మను నాతోనే గీయించి, పక్కన రాత రాయించి, పుస్తకంలో అంటించారు. తర్వాత హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, పోయినా చిరిగినా పూచీ తనదేనని రాసిచ్చి తాళంచెవి తెచ్చుకున్నారు. మళ్లీ బీరువాలకు తాళం వేయలేదు. ఇంటికివ్వనన్న మాట కూడా ఆ రోజు నుంచి ఆమె నోట రాలేదు. "అట్ట మెరుస్తున్నదంటె దానికి పని దొరకలేదన్నట్టు" అనేవారు. మా అమ్మ ఇప్పటికీ చేనుకు పోతోంది. మేడం పోయిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

మేము పది పూర్తిచేసిన ఏడాది మేడంకు భూపాలపల్లి బదిలీ అయింది. పంపించి రావడానికి ఐదుగురం జనగామ బస్టాండుకు వెళ్లాం. హనుమకొండ బస్సు వెంటనే దొరికింది. అందరికీ చేయి ఊపి ఎక్కిన ఆమె, బస్సు మలుపు తిరుగుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, వేలితో నన్నే చూపిస్తూ ఏదో గట్టిగా అన్నారు. పక్కన ఆటోల మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. ఏమిటని అడగడానికి వెంట పరుగెత్తి ఉండాల్సింది. నేను మాత్రం విన్నట్టే తలూపాను. ఆమె నవ్వి, తల లోపలికి తీసుకున్నారు.