వెనక పలక మీద ఊరు

పోయిన వారం కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర స్కూటర్ ఆపుకొని నిలబడ్డాను. ముందు ఒక లారీ. దాని వెనక పలక మీద ఊరి పేరు అప్పుడే రాయించుకొని వచ్చినట్టున్నారు, పసుపు అక్షరాలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. ఎండకు ఎనామిల్ రంగు, టర్పెంటైన్ కలిసిన వాసన గుప్పుమంది. ఇప్పుడు అన్ని బండ్లకూ స్టిక్కర్లే. లారీ మీద చేత్తో రాసిన అక్షరం, దాని పక్కన సన్నగా దిగిన ఎర్రటి నీడ చూసి చాలా కాలమైంది. ఆ వాసన తగలగానే నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. పక్కన ఆటోలో కూర్చున్న ఆమె నన్ను అనుమానంగా చూసింది. ఆమెకు ఏమని చెప్పను? ఖాదర్ భాయ్ గుర్తొచ్చాడనీ, ఆయనతో పాటు సముద్రమే లేని ఊళ్లో మేము కట్టిన టైటానిక్ ఓడ గుర్తొచ్చిందనీ చెబితే నమ్ముతుందా?

మాది కమలాపురం. బి.ఇడి. అయ్యాక మొదటి ఉద్యోగం మైదుకూరులో, ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా దొరికింది. ఇరవై ఎనిమిదేళ్ల వయసు. తెలియనిది లేదనుకునే రోజులవి. బడికి ఎదురుగా లారీల షెడ్డు ఉండేది. అందులో ఖాదర్ బాషా అనే పెయింటరు లారీలకు రంగులు వేసేవాడు. యాభై అయిదేళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా అసలు రంగేదో ఆయన భార్యకు కూడా గుర్తులేదని షెడ్డులో వాళ్లు నవ్వేవాళ్లు. మధ్యాహ్నం విరామంలో నేను టీ కోసం అక్కడికి వెళ్లేవాణ్ణి. ఆయన సుద్దపొడి రాసిన దారాన్ని రెండు చివరలా బిగించి, టప్పున మీటి, పలక మీద తెల్లటి గీత వేసేవాడు. ఆ గీత మీద అక్షరాలు ఒక్కొక్కటీ వచ్చి కూర్చునేవి. నేను గంట సేపు చెప్పినా పిల్లలు వినని రోజుల్లో, ఆ అక్షరాల్ని చూస్తూ నిలబడితే మనసు కుదుటపడేది.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. నెమలిని వేయమన్నా, పులిని వేయమన్నా వెంటనే వేసేవాడు. ఊరి పేరు మాత్రం బండి కాగితాలు చూడనిదే రాసేవాడు కాదు. తెలిసిన బండైనా సరే. “అంత అనుమానమేంటి భాయ్?” అని ఒకసారి అడిగాను. కుంచె పక్కన పెట్టి చెప్పాడు.

“మా తమ్ముడు బండ్లకు డ్రైవరుగా పోతాండె సార్. ఓనరు పాత బండి కొన్న్యాడు, వెనక పాత ఊరి పేరు అట్లే ఉండాది. మారుద్దాంలే, మారుద్దాంలే అనుకుంటనే తిప్పినాడు. మహారాష్ట్రలో యాడనో బోల్తా పడింది. ఆడ జనం ఏం చూస్తారు? వెనక ఏ ఊరు రాసుంటే ఆ ఊరికి కబురు జేసినారు. మాకు తెలిసేతలికి మూడు దినాలైంది. మేం పోయేతలికి పూడ్చి మట్టి జేసేది గూడా అయిపోయింది.” పలక వైపు చూపిస్తూ, “అందుకే సార్, నెమలి తప్పొచ్చినా నవ్వుతారు, పోతారు. ఊరు తప్పు రాయగూడదు” అన్నాడు. మళ్లీ కుంచె తీసుకున్నాడు.

ఇది తెలిసి కూడా నేను చేసిన పని గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ ఏడాది వార్షికోత్సవానికి టైటానిక్ మునిగిన కథ పిల్లలతో ఆడిద్దామన్నాను. మా పిల్లలకు నీళ్లంటే కె.సి. కాలువ. దానికి నీళ్లు వదిలితేనే అక్కడ పండుగ. అలాంటి చోట వెదుళ్లు, గోనెపట్టలు, పాత ఫ్లెక్సీలతో ఆటస్థలంలో ముప్పై అడుగుల ఓడ లేచింది. మంచుకొండకు ఒక పిల్ల తండ్రి రెండు గోతాల పత్తి పంపాడు. ఎండకూ దుమ్ముకూ ఆ పత్తి పసుపెక్కితే, పిల్లలు దాన్ని “మామిడి ఐసు” అన్నారు. ఓడకు రంగులు ఖాదర్ భాయ్ వేశాడు. సాయంత్రం వెళ్లి చూద్దును కదా, నాలుగు పొగగొట్టాలూ ఠీవిగా ఉన్నాయి. ఓడ వెనక మాత్రం “హారన్ ప్లీజ్” అని ఉంది.

“సముద్రంలో హారన్ ఎవరు కొడతారు భాయ్?”

“ఎవురో ఒకరు కొట్టింటే మునిగేది గాదేమో సార్” అన్నాడు, కుంచె తుడుచుకుంటూ.

పిల్లలు పడీ పడీ నవ్వారు. దాన్ని చెరపడానికి నాకూ చేతులు రాలేదు. అప్పుడు ఆయన అసలు సంగతి అడిగాడు.

“పేరు రాసినా. ఊరేది సార్?”

“ఓడకు ఊరేంటి?”

“నీళ్లల్లో పోయే బండే గదా. బండన్నాక ఊరుండల్ల.”

“సౌతాంప్టన్ అని రాయండి.”

“అది సొంతూరా, లోడెత్తిన ఊరా?”

“అక్కడినుంచే బయల్దేరింది భాయ్.”

“బయల్దేరేది యాడనుంచైనా బయల్దేరతాది సార్. మన బండ్లు ఎర్రగుంట్లలో బండలెత్తుకొని పోతాయి. అట్లని మైదుకూరు బండికి ఎర్రగుంట్ల అని రాస్తానా? కాగితాలు యా ఊర్లో ఉండాయో చూడు సార్ ఒకసారి.”

“చదువుకున్నది మీరా, నేనా? చెప్పింది రాయండి” అన్నాను. ఆయన సుద్దదారం బిగించాడు. కాగితాలు చూడకుండా ఆయన రాసిన ఊరు అదొక్కటేనేమో. నన్ను నమ్మి రాశాడు. కింద మూలలో, ఎప్పటిలాగే, చిన్నగా తన పేరు పెట్టుకున్నాడు.

మరునాడు, వార్షికోత్సవానికి ఒక రోజు ముందు, బడి లైబ్రరీలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే ఆ ఓడ వెనకభాగం బొమ్మ కనబడింది. పేరు కింద స్పష్టంగా లివర్‌పూల్ అని ఉంది. ఓడ నమోదైంది ఆ రేవులో. అదే దాని సొంతూరు. పుస్తకం మూసేశాను. రోడ్డు దాటితే షెడ్డు. రెండు నిమిషాల పని. “మీరన్నదే సరి భాయ్” అనే మూడు మాటలు నోట పలకలేక, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

చూడొచ్చాడు. ముఖ్య అతిథిగా వచ్చినాయన ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన కర్నూలు పెద్దమనిషి. వేదిక ఎక్కే ముందు ఓడ చుట్టూ తిరిగి, హారన్ ప్లీజ్ చూసి హాయిగా నవ్వి, “ఇక్కడ లివర్‌పూల్ ఉండాలి కదా?” అన్నాడు మైకు ముందే. హెడ్మాస్టరు నా వైపు చూశాడు. నాలుగు వందల మంది తల్లిదండ్రులు చూశారు. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది. “పెయింటరుకు చెప్పాను సార్, తప్పు రాసినట్టున్నాడు.”

ఖాదర్ భాయ్ అక్కడే ఉన్నాడు, చేతిలో రంగు డబ్బాతో. నా వైపు ఒక్కసారి చూశాడు. “అవ్ సార్, పొరపాటైపాయ” అని నిచ్చెన ఎక్కి, తెల్లరంగు పూసి, లివర్‌పూల్ అని రాశాడు. జనం నవ్వారు. ఆ నవ్వుల్లో లారీ ఓనర్లవీ ఉన్నాయి.

వారం రోజులు షెడ్డులో అదే వేళాకోళం. ఓబుళరెడ్డి అని ఆరు లారీల ఆసామి ఉండేవాడు. రోజూ వచ్చి, “ఏమప్పా ఖాదరూ, మా బండి మైదుకూరుదే. లండన్ అని రాస్తావేమో, రేపేమన్నా అయితే కబురు ఆడికి పోతాది!” అనేవాడు. తమ్ముడి సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఖాదర్ భాయ్ నవ్వేవాడు, కానీ ఆ వారం ఒక కొత్త బండి ఊరు రాస్తూ కాగితాల్ని మూడుసార్లు తీసి చూసుకున్నాడు. అది చూశాక ఇక ఉండలేకపోయాను. అందరూ వెళ్లాక, “భాయ్, తప్పు నాది. క్షమించండి” అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. “నాకు జెప్తే ఎట్ల సార్? నాకు తెలుసు గదా!”

“మరి ఏం చేయమంటారు?”

పక్కనున్న పలక చూపించాడు. “ఈడ తప్పు బడితే యాడ దిద్దుతా? ఇంటికాడ గోడ మింద దిద్దుతానా? తప్పు బడిన కాడనే, తప్పు ఎంత అక్షరమో అంత అక్షరంతోనే. చిన్నగా దిద్దితే ముందరిదే కనపడతాది.”

తరువాతి ఆదివారం తల్లిదండ్రుల సమావేశం. మైకు అడిగి తీసుకున్నాను. తప్పు నాదేననీ, ముందురోజే తెలిసి దాచాననీ, ఖాదర్ బాషా సరైన ప్రశ్నే అడిగాడనీ చెప్పాను. అంతలో వెనకనుంచి ఓబుళరెడ్డి లేచాడు. “ఓరి దేవుడా! అయితే మా ఖాదర్‌ది తప్పేం లేదా? వారం దినాలు వాయించినా గదప్పా వాణ్ణి! ముందే జెప్పేకేమైంది సార్ నీకు? పాండ్రా, ఎవురన్నా పిల్చుకరాపోండి వాణ్ణి!” ఆటస్థలమంతా ఘొల్లుమంది. నలుగురు వెళ్లి రంగు చేతులతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే లాక్కొచ్చారు. ఓబుళరెడ్డి ఆయన్ని కావలించుకొని తన తెల్లచొక్కా నిండా పసుపు రంగు అంటించుకున్నాడు. “ఈ మరకలు ఉతకనీయను, ఉండనీ” అని తిరిగాడు రోజంతా.

నవ్వులు తగ్గాక, పుస్తకంలో మిగతాది చదివి తెలుసుకున్న సంగతి చెప్పాను. ఆ ఓడ వెనక లివర్‌పూల్ అని ఉన్నా, అది ఒక్కసారి కూడా లివర్‌పూల్ రేవు చూడలేదు. అందులో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లున్నది సౌతాంప్టన్‌లో. ఓడ మునిగిందన్న కబురు వచ్చాక, ఆ ఊళ్లో వీధులకు వీధులే గుమ్మాల్లో నిలబడ్డాయి.

ఖాదర్ భాయ్ ఓడ వైపు తిరిగి, “అట్లయితే నువ్వు జెప్పింది పూరా తప్పు గాదు సార్. కాగితాలుండేది ఒక ఊరు, ఏడ్చింది ఒక ఊరు. రెండూ ఉండల్ల” అన్నాడు. ఓడ ఇంకా గోడకు ఆనించే ఉంది. సుద్దదారం తెప్పించి, లివర్‌పూల్ పక్కన, అదే ఎత్తు అక్షరాలతో సౌతాంప్టన్ మళ్లీ రాశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హారన్ ప్లీజ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ రోజునుంచి తరగతిలో నేను తప్పు రాస్తే వెంటనే తుడిచేయను. ఇది తప్పు అని పిల్లలకు చూపించి, పక్కనే అంత పెద్దగా ఒప్పు రాస్తాను. ప్రతిసారీ సులువుగా ఉండదు. ఇంట్లోనైతే మరీ కష్టం. మా ఆవిడ దగ్గర చిన్న అక్షరాలతో సరిపెట్టబోయి పట్టుబడ్డ సందర్భాలు చాలానే ఉన్నాయి.

ప్రభుత్వోద్యోగం వచ్చి కర్నూలుకు వెళ్లేటప్పుడు, స్కూటర్ ఒక్క పూట ఇచ్చిపొమ్మన్నాడు ఖాదర్ భాయ్. సాయంత్రానికి వెనక మడ్‌గార్డు మీద పసుపు అక్షరాలు, ఎర్రటి నీడ: మైదుకూరు.

“ఏంటి భాయ్ ఇది? నాది కమలాపురం. పోయేది కర్నూలుకు. కాగితాలు చూడలేదా?”

“చూసినా సార్” అన్నాడు, నా వైపు చూడకుండా కుంచె కడుక్కుంటూ. “ఏడ్చే ఊరు రాసినా.”

ఆయన పోయి మూడేళ్లయింది. ఆ కబురు నాకు ఆలస్యం కాలేదు. ఓబుళరెడ్డి తెల్లవారకముందే ఫోన్ చేశాడు. మట్టి చేసే వేళకు అందుకున్నాను.

చెక్‌పోస్టు దగ్గర లారీ కదిలింది. నేనూ స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే, వెనక బైకు మీదున్న కుర్రవాడు మడ్‌గార్డు చదివి, “ఏం సార్, మీది మైదుకూరా?” అని కేకేశాడు.

అవునన్నాను. ఇదొక్కటి మాత్రం నేను దిద్దుకోను.