రాహుకాలం పోయినా నడవని ప్రోగ్రాం

తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టి, వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. బెంగళూరు నగర్తపేటలోని ఒక దారాల అంగడికి, ఏ రంగు దారం ఏ అరలో ఉందో చెప్పే ప్రోగ్రాం రస్ట్ భాషలో రాశాను. అదే నా మొదటి పని. నచ్చితే వీధంతా చెబుతానన్నారు యజమాని శెట్టిగారు.

ప్రోగ్రాం మొదలుపెట్టే రోజు ఆయన అంగడి కంప్యూటరుకు కుంకుమ పెట్టి, పక్క అంగళ్లవాళ్లను పిలిచారు. నేను నొక్కాను. ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన డేటాబేస్ లైబ్రరీ దొరకలేదని తెర మీద పడింది. నా లాప్‌టాప్‌లో మాత్రం అదే ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. నాకు మతి పోయింది.

"ఏమప్పా, ఇది నీ ఇల్లు వదిలి రాదా?" అన్నారు శెట్టిగారు.

"కొత్త కోడలు కదన్నా, బెరుకుండాది," అన్నాను. అందరూ నవ్వారు.

"రాహుకాలం నడస్తా ఉండాది, పోనీ," అన్నారాయన. గంట ఆగి మళ్లీ నొక్కాను. అదే మాట.

చివరికి ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజనీరుగా ఉన్న సుమక్కకు ఫోన్ చేశాను.

"నీ లాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ ముందే ఉండాది, అక్కడ లేదు. దాన్నీ ప్రోగ్రాంలోనే కలిపి కట్టమని బిల్డ్ సెట్టింగ్‌లో ఒక మాట రాయి," అంది.

రాశాను. మళ్లీ కట్టి అంగడి కంప్యూటరులో వేశాను. నడిచింది.

"ఏమైండెనప్పా?" అని అడిగారు పక్క అంగడాయన.

"నాకూ పూర్తిగా తెలీదన్నా," అన్నాను, నిజమే చెప్పాను.

ఇప్పుడు నా లాప్‌టాప్ ఎంత మెచ్చుకున్నా నమ్మను. నా ముఖమే ఎరగని కంప్యూటరులో నడిచాకే అంగడి మెట్లెక్కుతాను.