నా ఇత్తడి వినాయకుడు, ఆవిడ స్టిక్కరు

పద్మా, నిన్న నువ్వు కామెంట్లో రాసినట్టు మా మనవరాలు కావ్య కారు రిపేరు చేయించడం లేదు. నిక్షేపంలా ఉన్న స్పోర్ట్స్ కారును విప్పిస్తోంది. గ్రేటర్ నోయిడా ట్రాక్ మీద రేసుకు దిగాలంటే కారు బరువు తగ్గాలట.

ఈ రోజు గ్యారేజీకి నేనూ వెళ్లాను. వెనక సీటు పీకేశారు, కార్పెట్ పీకేశారు, ఏసీ కూడా తీసేశారు. చివరికి, కారు కొన్న రోజు డాష్‌బోర్డు మీద నేను పెట్టిన ఇత్తడి వినాయకుణ్ణి కావ్య ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"సారీ నానమ్మా, ట్రాక్ మీద ఇలాంటివి ఉండనివ్వరు. ఊడితే సీధా నా హెల్మెట్‌కే తగులుతాడు."

"మరి అద్దం మూల ఆ వెంకన్న ఉండొచ్చా?"

"అది అమ్మమ్మ ఇచ్చిన స్టిక్కర్. దానికి వెయిటే లేదు కదా!"

మా వియ్యపురాలు ముందుచూపున్న మనిషి. చిన్న స్టిక్కరుతో రేసంతా నా మనవరాలి పక్కనే ఉంటుంది. నేనేమో నా వినాయకుణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇల్లు చేరాను. నాకు వెంకన్న మీద కోపం లేదు, అంటించిన చేతి మీదే. మీ ఇళ్లలో ఇలాంటివి ఉండవంటే నేను నమ్మను, నిజం చెప్పండి.

పద్మా, రేపు కరోల్ బాగ్ వెళ్తున్నావుగా, ఒక వినాయకుడి స్టిక్కరు పట్రా. ఆవిడ వెంకన్న మూడంగుళాలు, మనది నాలుగుకు తగ్గకూడదు. మా కోడలు ఈ పోస్టు చూసేలోగా ఇందిరాపురంలో మా ఇంటికి చేర్చు, లేకపోతే వాళ్లమ్మ దగ్గర్నుంచి ఐదంగుళాలది దిగుతుంది.