పడుగుకి ఏసీ పెట్టించిన ఘనుడు

కాబోయే వియ్యాలవారి ముందు మా నాన్న నలభై ఏళ్ళ పరువుని ఒక్క రిమోటుతో ఊడబెరకబోయిన ఘనుణ్ణి నేనే. తప్పెవరిదా అని మీరు వెతుక్కోనక్కర్లేదు, మొదటినుంచి చివరిదాకా అంతా నాదే. వాటాకి ఇంకెవరూ రాలేదు కూడా.

మాది మంగళగిరి. ఇంట్లో గుంట మగ్గం. నాన్న గుంటలోకి కాళ్ళు దించుకుని నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. నేను మాత్రం రోజూ బస్సెక్కి గవర్నర్‌పేటలో ఒక ఆఫీసుకి పోతాను. ఆ వేసవిలో మా ఆఫీసువాళ్ళు, తక్కువ టైంలో ఎక్కువ పని ఎలా చెయ్యాలో రెండ్రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మిగతావాళ్ళు మధ్యాహ్నం పెట్టిన బిర్యానీ తిని మర్చిపోయారు. నేను నిజంగానే మారిపోయాను! ఐదింటికి లేవడం, చన్నీళ్ళ స్నానం, ఫోను సొరుగులో పెట్టి తాళం, టేబుల్ మీద ఒక్క కాగితం, ఒక్క పెన్ను. అబద్ధమెందుకు, అన్నీ పనిచేశాయి. వారం తిరిగేసరికి నా పని సగం టైంలో తెమిలిపోయేది. బాగుపడ్డవాణ్ణి బాగుపడి ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను! నా కళ్ళు నాన్న మీద పడ్డాయి.

అప్పటికి నా నిశ్చితార్థానికి ఇంకా పదిరోజులుంది. అమ్మాయి పేరు శ్రావణి, వాళ్ళది పెడన. వాళ్ళదీ నేత ఇల్లే. నిశ్చితార్థం చీర తన చేత్తో నేసి తెస్తానని నాన్న వాళ్ళకి మాటిచ్చాడు. నేతవాళ్ళింటికి నేసిన చీర పట్టుకెళ్ళడమంటే వంటమాస్టరింటికి క్యారేజీ పంపడం లాంటిది. మూత తియ్యగానే మార్కులు పడిపోతాయి.

ఆదివారం పూట మగ్గం పక్కన కుర్చీ వేసుకుని, నోటుబుక్కుతో కూర్చున్నాను.

"ఏంట్రా అది?" అన్నాడు నాన్న.

"నీ టైం ఎక్కడ పోతోందో రాస్తున్నా నాన్నా. పొద్దుటినుంచి ఐదుసార్లు లేచావు. మూడుసార్లు నేలమీద నీళ్ళు చల్లడానికి, రెండుసార్లు కిటికీ ముయ్యడానికి."

"ముయ్యకపోతే?"

"గాలొస్తుంది."

"అందుకే మూశాను," అని అడ్డపోగు తోసే నాడె మళ్ళీ అందుకున్నాడు.

చూశారా, ఇంత స్పష్టంగా చెప్పాడు మహానుభావుడు. నేను పుస్తకంలో ఏం రాసుకున్నానో తెలుసా? 'మార్పంటే భయం' అని రాసుకున్నాను.

బుధవారం నాన్నా అమ్మా చుట్టాల్ని పిలవడానికి తెనాలి వెళ్ళారు. నేను సెలవు పెట్టాను. ఆటోనగర్‌లో పనిచేసే నా స్నేహితుణ్ణి పిలిచి, నా గదిలో ఏసీ ఊడదీయించి మగ్గం గదిలో బిగించాను. కన్నవాళ్ళ కోసం ఎండాకాలంలో ఏసీ త్యాగం చేసిన కొడుకుని మీరెక్కడైనా చూశారా? తడినేల శుభ్రంగా తుడిచి, దానిమీద ప్లాస్టిక్ చాప పరిచాను. రిమోటు మీద పద్దెనిమిది నొక్కి, మధ్యాహ్నంనుంచి సాయంత్రందాకా గదిని చల్లబరిచాను. తాతకు దగ్గులు నేర్పినట్టంటారు. నేను అంతకంటే ఘనం, తాతకు దగ్గు మాన్పించబోయాను.

సాయంత్రం తిరిగొచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంట్రా, మగ్గానికేమైనా జ్వరమొచ్చిందా?"

"కూర్చుని చూడు నాన్నా! చెమట లేదు, లేచే పని లేదు. రెండ్రోజుల్లో చీర దిగిపోతుంది."

మగ్గం మీద నిలువుగా సాగదీసి ఉన్న పడుగు పోగుల్ని ఆయన అరచేత్తో ఒకసారి నిమిరాడు. మొహం మారిపోయింది. గుంటలోకి దిగి, కాలితో తొక్కి, నాడె వదిలాడు. టప్. ఒక పోగు తెగింది. మళ్ళీ వదిలాడు. టప్, టప్.

"ఆపరా దాన్ని!"

"చల్లదనం చాల్లేదేమో, పదహారు పెట్టనా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పోగుకి తడి కావాలిరా. నీళ్ళు చల్లేదీ కిటికీ మూసేదీ నా సరదాకనుకున్నావా? పొడిగాలికి పడుగు ఎండి పుల్లల్లా విరుగుతోంది."

"కొత్త పద్ధతి కదా నాన్నా, అలవాటుపడ్డానికి కొంచెం టైం పడుతుంది."

"నేనంటే పడతాను. పోగుకి ఎవడు చెప్తాడు?"

తెగిన పోగులు లెక్కపెడదామని మొదలుపెట్టిన అమ్మ మధ్యలోనే "అయ్యో రామా" అని చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. కొత్త పడుగు వెయ్యడానికి వ్యవధి లేదు. తిడతాడనుకున్న నాన్న తిట్టలేదు. "ఇన్ని ముడులతో ఆ ఇంటికి చీర పట్టుకెళ్తే నా చేతికేం విలువుంటుందిరా?" అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

మర్నాటినుంచి నా ఉద్యోగం మారింది. చాప తీసి, నేల తడిపి, నాన్న పక్కన కూర్చుని తెగిన పోగులు అతకడం. నాన్న వేసిన ముడి భూతద్దంతో వెతికినా దొరకదు. నేను వేసినవి రేగుపళ్ళంత ఉన్నాయి. విప్పడం, వెయ్యడం, మళ్ళీ విప్పడం. మధ్యలో శ్రావణి ఫోను.

"చీర ఎంతవరకూ వచ్చిందండీ?"

"బ్రహ్మాండంగా వస్తోంది."

"మీ గొంతేంటి అలా ఉంది?"

"చలి చేసిందండీ."

"మే నెలలోనా?"

సిగ్నల్ లేదని పెట్టేశాను.

నిశ్చితార్థం రోజు పెడనలో తాంబూలాల పళ్ళెంలో చీర పెట్టాం. శ్రావణి నాయనమ్మగారు ముందుకొచ్చారు. ఎనభై దాటినా చూపు వేళ్ళల్లో ఉంది ఆవిడకి. అంచునుంచి మొదలుపెట్టి తడుముతూ వచ్చి, ఒకచోట ఆగారు. ఇంకోచోట ఆగారు. నాన్న తలొంచుకున్నాడు.

"నేత పెద్దచెయ్యి. ముడులు మాత్రం పసిచెయ్యి. ఎవరివి బాబూ ఇవి?"

నాన్న తలొంచుకోవడం చూడలేక లేచి నిలబడ్డాను. "నావేనండి. మా నాన్న తప్పేం లేదు. నేనే..."

"నువ్వా!" అన్నారావిడ. నన్ను పూర్తిచెయ్యనిస్తేనా! "ఆఫీసుకి పోయే పిల్లాడు మా పిల్ల చీర కోసం మగ్గం దగ్గర కూర్చున్నాడా? ఈ కాలంలో ఎవరు కూర్చుంటున్నారయ్యా! చేతికి పని తెలిసిన తండ్రి కాబట్టే కొడుకుని కూర్చోబెట్టాడు." నాన్న తలెత్తాడు. ఆవిడ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! "పెళ్ళి చీర కూడా ఈ అబ్బాయే నెయ్యాలి. మొదటి పోగునుంచి చివరిపోగుదాకా, తనొక్కడే."

నేను నాన్న వైపు దీనంగా చూశాను. నలభై ఏళ్ళ పరువు దక్కించుకున్న ఆ మనిషి, నిండుగా నవ్వుతూ, "తప్పకుండానమ్మా. ముహూర్తం కొంచెం దూరంగా పెట్టుకుందాం," అన్నాడు.

కార్తీకంలో పెట్టుకున్నారు. మా పెళ్ళి ఫోటోల్లో చూడండి, శ్రావణి చీరకి ఒక అంచు గుంటూరుకి, ఇంకో అంచు బందరుకి పోతుంటాయి. కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బాగుచేస్తే నన్ను నేనే బాగుచేసుకుంటాను. ఎదుటివాడి పనిలో వేలు పెట్టేముందు, అలా ఎందుకు చేస్తున్నావని అడుగుతాను. చెప్పింది అర్థం కాకపోతే దణ్ణం పెట్టి అవతలికి పోతాను.