జరీనా పిన్ని అన్న మాట

కొయ్యబొమ్మలు అతకడానికి ఉడికించిన చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపితే వచ్చే పుల్లటి వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మొన్న విజయవాడలో బొమ్మల ప్రదర్శనకు వెళ్ళినప్పుడూ అంతే. చుట్టూ జనం బేరాలాడుతుంటే నేను మాత్రం ఏడో తరగతి పిల్లనై, కొండపల్లిలో మా వసారాలో నిలబడి ఉన్నాను.

తొంభైల మధ్య రోజులవి. అమ్మ ఇంట్లోనే బొమ్మలకు రంగులు వేసేది. వానాకాలంలో వసారా నిండా రంగు ఆరని ఏనుగులు, చూరు నుంచి కారే నీళ్ళు, థర్మల్ స్టేషన్‌కి షిఫ్టు డ్యూటీకి పోయేవాళ్ళ సైకిల్ బెల్లులు, పక్కింట్లో వేగే ఉల్లిపాయల ఘుమఘుమ. ఆ పక్కింటి జరీనా పిన్ని రంజాన్‌కి మాకు సేమ్యా పంపేది, క్రిస్మస్‌కి మేం వాళ్ళకు అరిసెలు పంపేవాళ్ళం. ఆ ఏడు ఆమెకు రెండో కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పటినుంచీ మాట తగ్గిపోయి, రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకొచ్చి అమ్మ పక్కన ఊరికే కూర్చునేది.

బళ్ళో కథల పోటీ పెట్టారు. నా కథలో తల్లీ కూతుళ్ళు నాటకంలోలా "క్షమింపుము" అనుకునేవాళ్ళు. సుగుణ టీచర్ చదివి, "ఇట్టా ఎవరన్నా మాట్లాడతారా రూతూ? చెవి పెట్టి విను, విన్నది రాయి" అన్నారు. ఇక చూడండి, పంపు దగ్గర, బస్సులో, చర్చి మెట్ల మీద ఎవరేమన్నా సైన్సు నోట్సు వెనక పేజీల్లోకి ఎక్కేది.

ఒక సాయంత్రం పిన్ని నెమ్మదిగా అంది: "పాపకి వాళ్ళ నాయనమ్మ చేత్తో తినడం అలవాటు చేశానక్కా. ఇంక నాకోసం ఏడవదు."

అమ్మ ఏనుగు కన్ను దిద్దుతూ తలెత్తకుండానే మంచిదేలే అంది. నాకా మాట ఎంతో నచ్చింది. కథలో తల్లి చేత అనిపించి, మర్నాడు పొద్దున్నే టీచర్‌కిచ్చాను.

మధ్యాహ్నం టీచర్ నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. కాగితం ఆమె చేతిలో ఉంది. ఈ మాట ఎవరన్నారని అడిగారు. ఊళ్ళోవాళ్ళ మాటలు దొంగతనంగా రాసుకుంటున్నానని తెలిస్తే అమ్మ వీపు చీరేస్తుందని, నేనే పుట్టించానన్నాను.

"నీ వయసుకి ఈ మాట రాదమ్మా. భయపడకు, చెప్పు."

చెప్పేశాను. ఆమె తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని వానలోనే బయల్దేరారు. దారిలో ఒక్కటే అడిగారు, ఎప్పుడందని. నిన్న సాయంత్రమని చెప్పాను. ఆమె నడక పరుగైంది. ఎందుకో తెలియదు గానీ, ఆ పట్టుకే నాకు ఏడుపొచ్చింది.

మేం చేరేసరికి పిన్ని అత్తగారు పాపను తీసుకుని బజారుకెళ్ళి ఉంది. పిన్ని తలుపు లోపల గడియ పడి ఉంది. టీచర్ రెండు ముక్కలు చెప్పగానే అమ్మ రంగు చేతులతోనే వచ్చి తలుపు కొట్టింది. పలుకు లేదు. నేను రాసుకున్న మాటకు అర్థం నాకప్పుడు తెలిసింది. గోడకు ఆనుకున్నాను. అమ్మ కొట్టడం ఆపి, తలుపుకి నోరానించి మెల్లగా అంది:

"జరీనా, నేనే. నిన్న నేను సరిగ్గా వినలేదు. మళ్ళీ చెప్పమ్మా."

ఎంతసేపో గుర్తులేదు. అమ్మ తలుపుకి ఆనుకునే నిలబడింది. తర్వాత గడియ కదిలింది. పిన్ని గుమ్మంలోనే కూలబడితే అమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. నన్ను బయటికి పంపేశారు.

కబురందుకుని, చీకటి పడకముందే మైలవరం నుంచి ఆమె అన్న వచ్చి తల్లీబిడ్డల్ని పుట్టింటికి తీసుకెళ్ళాడు. విజయవాడలో డాక్టరుకి చూపించారు. నాలుగు నెలలకు పిన్ని తిరిగొచ్చింది, కాస్త ఒళ్ళు చేసి. నా కథ పోటీకి వెళ్ళలేదు. టీచర్ తన దగ్గరే ఉంచేసుకున్నారు. ఒక ఆదివారం పిన్ని నాకు జడ వేస్తూ, "నా మాట రాశావంటగా. ఈసారి నన్నడిగి రాయి" అంది. తల తిప్పి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది నాకు.

ఇప్పుడు మా వరసలో పెంకుటిళ్ళు లేవు. అన్నీ డాబాలు, గేట్లు. ఊరికే వచ్చి కూర్చోవడానికి వసారాలు లేవు. తలుపులన్నీ వేసే ఉంటాయి. లోపల ఎవరు ఎవరితో ఏమంటున్నారో వీధిలో ఎవరికీ వినపడదు.